వుకోసవ పెట్టని సంతకం

వుకోసవ అంటే నాకు గిట్టదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. చదివాక నేనేదో ఆవిడని నెత్తిన పెట్టుకున్నానని ఎవరూ అనుకోకూడదు. పద్నాలుగేళ్ళు మా ఆసుపత్రి రెండో అంతస్తులో, కిటికీ సగమే తెరుచుకునే ఒకే గదిలో, ఎదురెదురు బల్లల దగ్గర కూర్చున్నాం. ఆ పద్నాలుగేళ్ళలో ఆవిడ నా కాఫీ తాగలేదు, తన కాఫీ నాకు పోయలేదు. పొద్దున ఏడింటికి వచ్చేది, కోటు కొక్కేనికి తగిలించేది, పెన్సిల్ చెక్కుకునేది. కంప్యూటర్ల గదిలో పెన్సిల్ చెక్కుకునే మనిషిని మీరెక్కడైనా చూశారా? నేను రోజూ చూశాను. ఆ చప్పుడుకే నాకు ఒళ్ళు మండేది.

మనిషి పొట్టి. జుట్టు మగాడిలా కత్తిరించుకుంటుంది. తండ్రి రైల్వేలో పట్టాలు మార్చే ఉద్యోగి. ఒక్కతే కూతురు, పెళ్ళి చేసుకోలేదు. నీష్ నగరంలో లెక్కలు చదివి, ఎనభై ఆరులో ఈ ఆసుపత్రికి వచ్చింది. అప్పుడు ఇక్కడ కంప్యూటర్ అంటే బీరువా అంత యంత్రం. అది పోయి ఇంకోటి వచ్చింది, అదీ పోయింది, దేశం పేరు మూడుసార్లు మారింది, ఈవిడ మాత్రం కదల్లేదు. ఎవరితోనైనా మాట్లాడితే అంకెలతో మొదలుపెట్టి అంకెలతో ముగిస్తుంది. ఎవరింటి స్లావాకీ వెళ్ళదు. మా దగ్గర ప్రతి ఇంటికీ ఒక సాధువు ఉంటాడు, ఏడాదికొకసారి ఆయన రోజు వస్తుంది, ఆ రోజు తలుపు తీసి పెడతాం, పిలవకుండానే జనం వస్తారు. అదే స్లావా. ఈవిడా అక్టోబరులో తండ్రిగారి సాధువు పేరున రొట్టె కోసుకునేదట, ఒక్కతే. మా ఆఫీసు నుంచి ఎవరూ వెళ్ళలేదు. నేనూ వెళ్ళలేదు. పిలవకపోయినా వెళ్ళొచ్చు కదా అంటారేమో. వెళ్ళబుద్ధి కాలేదు, అంతే.

ఆవిడ సంతకం పెట్టడం మానేసిన కథ రెండువేల పద్నాలుగులో వచ్చిన వరద నుంచి మొదలవుతుంది. అప్పట్లో స్కాన్ బొమ్మలన్నీ దాచే యంత్రం, అదే సర్వర్, నేలమాళిగలో ఉండేది. రెండో కాపీ ఉందని ఏటా ఒక కాగితం మీద సంతకం పెట్టాలి. వుకోసవ పెట్టింది. కాపీ నిజంగానే ఉంది, కానీ పక్క గదిలో. మే నెలలో నది వచ్చి రెండు గదుల్నీ ఒకే మధ్యాహ్నం నింపేసింది. పదకొండేళ్ళ బొమ్మలు బురదలో కలిశాయి. ఆ తర్వాత వేసవిలో తేనెటీగలు పెంచుకునే ఒకాయనకి ఊపిరితిత్తి మీద మచ్చ కనబడింది. పాతదా, కొత్తదా అని చూడ్డానికి పాత బొమ్మ లేదు. క్యాన్సరేమోనని కోశారు. తీరా అది చిన్నప్పటి క్షయ మచ్చ. మూడో రోజు ఆయన పోయాడు. వుకోసవ ఆ అంత్యక్రియలకి వెళ్ళి, అందరికంటే వెనక నిలబడి వచ్చిందని విన్నాను. నన్నడిగితే తప్పంతా నదిది. కానీ ఆవిడ ఆ రోజు నుంచి ఏ కాగితం మీదా ఊరికే పేరు రాయడం మానేసింది.

పద్దెనిమిదిలో పైనుంచి కొత్త నియమం వచ్చింది. ఇక మీదట ప్రతి బొమ్మకీ రెండో కాపీ వేరే ఊళ్ళో, ఎత్తున ఉండాలి. ఎనభై కిలోమీటర్ల అవతల కొండల్లో ఉన్న ఊరు ఖాయమైంది. ఇక్కడ స్కాన్ తీసిన గంటలోపు అక్కడికి చేరిపోవాలి. ఎప్పుడు ఏం మునిగినా గంటసేపటి పని కంటే ఎక్కువ పోకూడదన్నది లెక్క. దానికి ఒక ఇంటర్నెట్ లైను అద్దెకి తీసుకోవాలి. లైను ఇచ్చే కంపెనీ మా డైరెక్టర్ మిలెంకో గారి పెళ్ళిలో పక్కన సాక్షిగా నిలబడ్డ మనిషిది. మా దగ్గర ఆ చుట్టరికం రక్తం కంటే గట్టిది, దాని గురించి ఎవరూ నోరెత్తరు. చివర్లో ఒక కాగితం. ‘ఈ లైను వేగం చాలును’ అని, కింద కాపీల బాధ్యత చూసే ఉద్యోగి పేరు, సంతకం. ఆ ఉద్యోగి వుకోసవ. ఆ పేరు పడితేనే లైను మొదలవుతుంది.

ఎంత లైను కావాలో తేల్చాలంటే ముందు రోజుకి ఎంత డేటా కొత్తగా పుడుతోందో ఒక వారం కొలవాలి. ఆ పని నాకిచ్చారు. ఆవిడ అప్పుడు పాత బొమ్మల సంగతి చూస్తోంది. వరద తర్వాత పోగైనవే నలభై టీబీ. వాటిని కంపెనీ ఇస్తానన్న పది మెగాబిట్ల కొత్త లైను మీద పంపుదామని డైరెక్టర్ అంటే, పెన్సిల్‌తో ఒక నిమిషం గీసి, ఆ లెక్కన ఏడాదిన్నర పడుతుంది అని చెప్పింది. ఆ డిస్కుల్ని దుప్పట్లో చుట్టి, అంబులెన్సు డ్రైవర్ని బతిమాలి, ఒళ్ళో పెట్టుకుని మూడుసార్లు కొండెక్కి దిగింది. తలా ఒక మాట అని నవ్వుకున్నాం. వారంలో పని అయిపోయింది.

నేను డిసెంబరు మూడో వారం కొలిచాను.

ఇక్కడ మా దేశంవాడెవడైనా ఉంటే ఈపాటికే నవ్వుతుంటాడు. డిసెంబరు పంతొమ్మిది సెయింట్ నికోలా రోజు. మా ఇంటి సాధువు ఆయనే. మా పక్కింటివాళ్ళకీ ఆయనే. స్కాన్ విభాగంలో ముగ్గురు టెక్నీషియన్లలో ఇద్దరికి ఆయనే, పెద్ద డాక్టరుకీ ఆయనే. ఆయన రోజు లేనివాళ్ళంతా ఉన్నవాళ్ళింట్లో భోజనానికి ఉంటారు. రోగులు కూడా ఆ వారం తేదీ ఇస్తే వద్దంటారు. ఒక్క ఆ రోజే కాదు, ముందు రెండు రోజులు వంట, తర్వాత రెండు రోజులు మిగిలినవి తినడం. నేను సోమవారం పొద్దున మీటరు పెట్టి, మంగళవారం మధ్యాహ్నం చేప కొనడానికి వెళ్ళిపోయాను. ఉపవాసాల రోజులు కదా, మాంసం కూడదు. ఆ ఏడు మా ఇంటికి నలభై మంది వచ్చారు. డైరెక్టర్ గారు కూడా వచ్చి, మా ఆవిడ చేసిన చిక్కుళ్ళ కూర రెండుసార్లు వడ్డించుకున్నారు. శుక్రవారం మీటరు చూస్తే రోజుకి పద్నాలుగు జీబీ. దాన్ని ఇరవై నాలుగు గంటలకి పంచి, పది మెగాబిట్ల లైను ఏడింతలకి పైగా చాలుతుందని రాసిచ్చాను. అబద్ధం రాయలేదు. మీటరు ఏం చూపిస్తే అదే రాశాను.

జనవరిలో ఆవిడ నా కాగితం చేతిలో పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చింది. పద్నాలుగేళ్ళలో అది రెండోసారో మూడోసారో.

“ఏ వారం కొలిచావు, జీకా?” అంది.

ఉన్నదే చెప్పాను.

“పంతొమ్మిదిన పెద్ద స్కాన్ యంత్రంలో ఎంతమందిని పడుకోబెట్టారో తెలుసా? నలుగుర్ని. మామూలు సోమవారం నలభై మంది. ఆదివారం మధ్యాహ్నం బస్సులో తలకాయలు లెక్కబెట్టి, సోమవారం పొద్దుటికి ఎన్ని బస్సులు కావాలో చెప్తావా నువ్వు?”

అక్కా, అంత లోతుకి ఎందుకు, ఏడింతలు మిగులు పెట్టాను కదా అన్నాను. ఆవిడ నా కాగితాన్ని తిరగేసి దాని వెనకే రాయడం మొదలుపెట్టింది. రోజు మొత్తానికి సగటు తీస్తే ఉపయోగం లేదట, రాత్రి యంత్రాలు నిద్రపోతాయి, పొద్దున ఏడు నుంచి ఒంటిగంట దాకానే పనంతా. ఒత్తిడి ఉన్న గంటలో పది జీబీ పుడుతుంది. పది మెగాబిట్లంటే కాగితం మీద గంటకి నాలుగున్నర జీబీ. పంపిన ప్రతి ముక్కకీ అందిందా లేదా అని అటూ ఇటూ కబుర్లు నడవాలి, మధ్యలో పోయినవి మళ్ళీ పంపాలి, అవన్నీ తీసేస్తే నిజంగా పోయేది మూడు. స్కాన్ బొమ్మలు ముందే కుదించి ఉంటాయి, ఇంకా కుదించడానికి ఏం లేదు. పది పుట్టి మూడు పోతే గంటగంటకీ ఏడు వెనకబడతాం. కనీసం నలభై మెగాబిట్లు కావాలి. ఇదంతా ఆవిడ గట్టిగా, పక్క గదిలో అమ్మాయిలు తలుపు దగ్గర చేరేలా చెప్పింది. లెక్క నాకు అర్థమైంది. అర్థమైనందుకే కడుపు మండింది. మళ్ళీ కొలుస్తాను అనే ఒక్క మాట నా నోట్లోంచి రాలేదు.

వారం తర్వాత డైరెక్టర్ గదిలో ముగ్గురం కూర్చున్నాం. లైను ఒప్పందం అప్పటికే అయిపోయింది, సాక్షి గారి మనుషులు తీగ లాగేశారు. మిలెంకో గారు చాలాసేపు మర్యాదగానే మాట్లాడారు. ముప్ఫై రెండేళ్ళ సర్వీసు గురించి, ఇంట్లో కూర్చుని టమాటాలు పెంచుకోవడం గురించి చెప్పారు. చివరికి కాగితం ముందుకి తోశారు.

“ఒక్క సంతకం, వుకోసవ గారూ. ఏడు నెలల్లో పెన్షన్ తీసుకుంటారు. ఎందుకండీ ఈ పంతం?”

“పెడతాను సార్. కొలిచింది సెయింట్ నికోలా వారంలో అని పైన ఒక్క వాక్యం రాయించండి. రాసిన నిమిషంలో పెడతాను.”

ఆయన మొహం మాడిపోయింది. ఆ ఒక్క వాక్యం ఉంటే, రాజధాని బెల్‌గ్రేడ్‌లో ఆ కాగితం విప్పిన గుమాస్తా కూడా పక్క బల్లవాణ్ణి పిలిచి చూపించి నవ్వుతాడు. ఆ సంగతి ఆయనకీ తెలుసు, ఆవిడకీ తెలుసు. ఆయన నావైపు తిరిగి, ఆ వారం పని ఎలా ఉందని అడిగారు.

నేను నీళ్ళు నమలలేదు. అది కూడా చెప్పాలి. ఒక్క క్షణమైనా తడబడి ఉంటే ఈ రోజు కొంచెం ఊరటగా ఉండేది.

“మామూలు వారమే సార్,” అన్నాను.

వుకోసవ నా వైపు చూడలేదు. లేచి, కుర్చీ బల్ల కిందికి నెట్టి, వెళ్ళిపోయింది. మర్నాడు ఆవిణ్ణి స్కాన్ విభాగం ముందు, రోగుల పేర్లు రాసుకునే కిటికీ దగ్గరికి మార్చారు. సర్వర్ గది తాళంచెవి తీసేసుకున్నారు. కాపీల బాధ్యత నాకు వచ్చింది, దాంతోపాటే ఆ కాగితం కూడా. పేరు: జివొయిన్ త్రిఫునొవిచ్. జీకా అనేది అందరూ పిలిచే పేరు. సంతకం పెట్టాను. అబద్ధం ఎందుకు, గదంతా నాదే అయిందని ఆ రోజు సంతోషంగా కూడా ఉంది. ఆవిడ బల్ల మీద కాఫీ యంత్రం పెట్టుకున్నాను.

లైను నడిచింది. పొద్దున వెనకబడేది, సాయంత్రానికి, ఒక్కోసారి మర్నాటి తెల్లవారుకి అందుకునేది. శుక్రవారం రిపోర్టులో ‘అన్నీ చేరాయి’ అని రాసేవాణ్ణి. శుక్రవారం పనయ్యాక చూస్తే అన్నీ చేరే ఉంటాయి. కింద కిటికీ దగ్గర వుకోసవ వేరే పని పెట్టుకుంది. వచ్చిన ప్రతి రోగి పేరు, స్కాన్ తీసిన గంట, ఫోన్ నంబరు ఒక పుస్తకంలో పెన్సిల్‌తో రాసేది. అవతలి ఊళ్ళో ఏ బొమ్మలు చేరాయో డాక్టర్లు చూసుకునే తెర అక్కడ ఒకటి ఉంది. మధ్యమధ్యలో అందులో చూసి, చేరినవాళ్ళ పేరు కొట్టేసేది. ఎవరూ చెప్పలేదు ఆవిడకి ఆ పని. ఒకసారి అటు వెళ్తూ, అక్కా, పరీక్షలో తప్పినవాళ్ళ జాబితానా అని అడిగాను. పక్కనున్న నర్సులు నవ్వారు. ఆవిడ తలెత్తకుండా, “ఇంకా గాల్లో ఉన్నవాళ్ళది,” అంది.

మార్చిలో ఒక సోమవారం, పన్నెండు దాటి ఇరవై నిమిషాలకి, మూడో అంతస్తులో హీటింగ్ గొట్టం పగిలింది. వరద తర్వాత సర్వర్‌ని పైకి తెచ్చాం, నది అందుకోలేదని. నెత్తి మీద నలభై ఏళ్ళ గొట్టం ఉందని ఎవరికీ పట్టలేదు. పొగలు కక్కుతున్న ఎర్రటి తుప్పు నీళ్ళు నేరుగా దాని మీద పడ్డాయి. నేను తలుపు తీసేసరికి గది స్నానాలగదిలా ఉంది. సర్వర్ పోయింది. అవతలి ఊళ్ళో చూస్తే ఆ రోజు తొమ్మిది గంటల దాకా తీసినవే ఉన్నాయి. స్కాన్ యంత్రాలు పాతవి, వాటిలో చోటు తక్కువ, బొమ్మ పంపేయగానే తుడిచేసుకుంటాయి. ఎక్స్‌రేలు ఎప్పటికప్పుడు డాక్టర్లు చూసేశారు. పెద్ద స్కాన్లు మాత్రం మధ్యాహ్నం కూర్చుని చూస్తారు. తొమ్మిది నుంచి గొట్టం పగిలేదాకా తీసినవి ఎక్కడా లేవు.

మిలెంకో గారు అరవలేదు. నన్ను పిలిచి, నేను సంతకం పెట్టిన కాగితాన్ని బల్ల మీద నా వైపు తిప్పి పెట్టారు. తనకి ఈ లెక్కలు తెలియవని, నిపుణుడు చాలుతుందన్నాడు కాబట్టి నమ్మానని, ఇప్పుడు రోగులందరికీ నిపుణుడే ఫోన్ చేసి మళ్ళీ రమ్మనాలని చెప్పారు. చేతులు దులుపుకోవడంలో ఆయనకి మించినవాడు లేడు. ఆయన్ని తిట్టుకుంటూ పైకొచ్చాను. ఎవరెవరికి ఫోన్ చేయాలో నాకు తెలియదు. పేర్లు కూడా ఆ తడిసిన యంత్రంలోనే ఉన్నాయి.

మంగళవారం పొద్దున ఏడింటికి వుకోసవ పుస్తకంతో వచ్చింది. జాలిపడి రాలేదు, అది ఆవిడ మొహంలోనే ఉంది. తన పాత బల్ల మీంచి నా కాఫీ యంత్రం ఎత్తి కింద పెట్టి, కూర్చుని, పుస్తకం తెరిచి నా వైపు తిప్పింది. కొట్టెయ్యని పేర్లు ముప్ఫై ఒకటి.

మొదటి నంబరు తిప్పాను. ఆసుపత్రి నుంచి మాట్లాడుతున్నాం, సాంకేతిక కారణాల వల్ల మీ స్కాన్ మళ్ళీ తీయాలి అని మొదలుపెట్టాను. ఆవిడ వేలు చాచి ఫోన్ నొక్కేసింది. కాల్ తెగిపోయింది.

“పేరు చెప్పు,” అంది.

“ఎవరి పేరు?”

“నీది. కారణం ఎవరో కూడా చెప్పు. సాంకేతిక కారణాలకి తల్లీతండ్రీ లేరా?”

పుస్తకం మూసేసుకుని వెళ్ళిపోతుందని భయపడ్డాను. అందుకే చెప్పాను, వేరే గొప్ప కారణం ఏమీ లేదు. నా పేరు జివొయిన్ త్రిఫునొవిచ్, లైను చాలుతుందని నేను రాసిచ్చాను, చాలలేదు, మీ బొమ్మ పోయింది. ఇదే మాట ఒకరి తర్వాత ఒకరికి. ఒక తాపీమేస్త్రీ మా అమ్మని, అమ్మమ్మని కలిపి తిట్టాడు. ఒక టీచరమ్మ నా పేరు మళ్ళీ అడిగి, వకీలుకి ఇస్తానంది. స్కాన్ కోసం ఎక్కించే మందు పడక సోమవారమంతా వాంతులు చేసుకున్న ఒకామె, మళ్ళీ ఆ సూది వేయించుకోను, చస్తే చస్తాను అని పెట్టేసింది. ఒకాయనకి సోమవారం సాయంత్రమే మోకాలికి ఆపరేషన్ చేసేశారు. కోయకముందు ఎలా ఉందో ఇక ఎవరూ తీయలేరు. ఆయన కొడుకు అరుస్తుంటే ఫోన్ చెవికి దూరంగా పట్టుకున్నాను. వుకోసవ ఒక్కో పేరు పక్కన ఫోన్ చేసిన టైము వేసుకుంటూ, తర్వాత పేరు మీద వేలు పెట్టేది. నాకు నీళ్ళు కూడా ఇవ్వలేదు. తనూ తాగలేదు.

పదకొండింటికి స్తమెన అనే ముసలావిడ నంబరు వచ్చింది. కొండ మీది పల్లె, కడుపులో గడ్డ. తెల్లవారుజామున నాలుగింటి బస్సెక్కి, మధ్యలో ఇంకో బస్సు మారి వచ్చి సోమవారం పడుకుంది యంత్రంలో. నేను ఆసుపత్రి నుంచి, మీ స్కాన్ మళ్ళీ అనేలోగా ఆవిడే అందుకుంది. మళ్ళీ రమ్మంటున్నారా, వస్తాను నాయనా, గురువారం బస్సుంది అంది. ఆవిడకి ఎందుకు పిలుస్తున్నామో అక్కర్లేదు.

“ఇన్నేళ్ళుగా మీ ఆసుపత్రికి వస్తున్నాను. ఎలా ఉన్నావని ఒక్కరు ఫోన్ చేయలేదు. నువ్వు చేశావు. నీ పేరేంటి నాయనా? ఆదివారం గుళ్ళో నీ పేరున కొవ్వొత్తి వెలిగిస్తాను.”

ఇరవై ఆరుగురు తిడుతుంటే చెప్పగలిగిన పేరు ఈవిడకి చెప్పలేకపోయాను. వుకోసవ చూస్తోంది. నేను తల పక్కకి తిప్పుకుని, “వుకోసవ,” అన్నాను. “ఆవిడ చెయ్యమంటేనే చేశానమ్మా. వుకోసవ పేరున వెలిగించు.”

ఎదురుగా కుర్చీ కిర్రుమంది. ఫోన్ నా చేతిలోంచి లాగేసుకుంది.

“వుకోసవని నేనమ్మా. నాకొద్దు. నీ స్కాన్ పోయింది ఇతని వల్ల. పండుగ వారంలో కొలిచి, మామూలు వారమని చెప్పి, సంతకం పెట్టింది ఇతను. నువ్వు మళ్ళీ రెండు బస్సులెక్కేది అందుకు.”

ముసలావిడ గొంతు నాకు కూడా వినబడేంత గట్టిగా వచ్చింది.

“అయితే అతనికే వెలిగిస్తాను తల్లీ. నీకేం తక్కువ? పేరు చెప్పమను, రాసుకుంటాను.”

వుకోసవ ఫోన్ నా చేతికిచ్చింది. ఆవిడ మొహంలో నా మీద దయ ఏమీ కనబడలేదు, ఆ రోజూ లేదు, పెన్షన్ తీసుకుని వెళ్ళిపోయిన రోజూ లేదు.

“చెప్పు,” అంది. “ముసలావిడ, సరిగా వినబడదు. ఒక్కో అక్షరం చెప్పు.”

ఒక్కో అక్షరం చెప్పాను. ముసలావిడ ప్రతి అక్షరాన్ని పైకి పలుకుతూ రాసుకుంది. మధ్యలో ఒకటి తప్పితే మొదటి నుంచి మళ్ళీ చెప్పించింది. వుకోసవ వేలు అప్పటికే ఇరవై ఎనిమిదో పేరు మీద ఉంది.